నొక్కే ముందు రాయించండి: ఆన్‌లైన్ లెక్కలు, టెక్నాలజీ పాఠాల మీద అపోహలు - వాస్తవాలు

అపోహ: మా బడిలో నెట్ రాదు, ఇవన్నీ టౌన్ బడులకే.

ఉదయగిరి కొండల కింది ఊళ్లలో, గిద్దలూరు అడవి అంచు పల్లెల్లో సిగ్నల్ అంతంత మాత్రమే, నిజమే. కానీ లెక్కలకూ సైన్సుకూ పనికొచ్చే సరుకులో చాలా భాగం ఒకసారి దించుకుంటే చాలు, ఆ తర్వాత నెట్‌తో పనిలేదు. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం 2002లో మొదలుపెట్టిన ఫెట్ సిమ్యులేషన్లే, అంటే తెర మీద కదిలించి చూసే ప్రయోగాలే, చూడండి. ఇప్పుడు వస్తున్న, బ్రౌజర్‌లో తెరుచుకునే హెచ్‌టీఎంఎల్ రకంలో ఒక్కోటి ఒక్క ఫైలు, బరువు కొన్ని ఎంబీలే. నెల్లూరో ఒంగోలో వచ్చిన రోజున పది దించి పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే టర్మ్ మొత్తం గడిచిపోతుంది. గ్రాఫులూ జ్యామితి బొమ్మలూ గీసే జియోజీబ్రా ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ నెట్ లేకుండానే నడుస్తుంది. ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షలో పాఠ్యపుస్తకం మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవచ్చు.

బోల్తా పడేది వేరే చోట. పెన్‌డ్రైవ్ తీసుకెళ్లి ఐఎఫ్‌పీ ప్యానెల్‌కు (తరగతి గోడ మీది పెద్ద టచ్ తెరకు) పెట్టి ఫైలు మీద నొక్కితే తెర తెల్లగా నిలబడిపోతుంది. ఫైలు పాడైందనుకుని మళ్లీ దించుకునేవాళ్లే ఎక్కువ. ఫైలుకేం కాలేదు. ఆండ్రాయిడ్ దాన్ని హెచ్‌టీఎంఎల్ వ్యూయర్ అనే చిన్న యాప్‌లో తెరిచింది, అందులో బొమ్మను కదిలించే జావాస్క్రిప్ట్ కోడ్ నడవదు. ఫైలు మీద నొక్కి పట్టుకుని ‘ఓపెన్ విత్’లో క్రోమ్ ఎంచుకోండి. అప్పటికీ మొరాయిస్తే ల్యాప్‌టాప్‌లో తెరిచి హెచ్‌డీఎంఐ కేబుల్‌తో ప్యానెల్‌కు కలపండి. హెచ్‌డీఎంఐ ఒక్కటే పెడితే బొమ్మ మాత్రమే వస్తుంది. తెర మీద వేలితో కదిలించాలంటే ప్యానెల్ టచ్ పోర్టు నుంచి ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీ కేబుల్ కూడా ఉండాలి. ఇదంతా ప్రార్థనకు ముందే ఒకసారి సరిచూసుకోండి.

పిల్లల చేతికే ఇవ్వాలంటే కోలిబ్రీ ఉంది, నెట్ లేని చోట పాఠాలు పంచే ఉచిత సాఫ్ట్‌వేర్. పాత ల్యాప్‌టాప్‌లో ఎక్కించి, వీడియోలూ అభ్యాసాలూ ముందే దించి పెడితే, అదే గదిలోని ఫోన్లు నెట్ లేకుండా దాన్నుంచి తీసుకుంటాయి. విండోస్ హాట్‌స్పాట్ మీద ఆధారపడకండి. అసలు నెట్ కనెక్షనే లేకపోతే అది ఆన్ కాదు, అయినా 8 పరికరాలకు మించి ఒప్పుకోదు. మూలన పడేసిన వైఫై రూటర్ తెచ్చి, నెట్ వైరు లేకుండా కరెంటు ఒక్కటే ఇవ్వండి. ల్యాప్‌టాప్ ఐపీ అడ్రస్ చివర కోలన్ పెట్టి 8080 కొడితే ఫోన్ బ్రౌజర్‌లో పేజీ తెరుచుకోవాలి. తెరుచుకోలేదంటే కారణం సాధారణంగా రెండిట్లో ఒకటి: ల్యాప్‌టాప్‌లో ఫైర్‌వాల్ అడ్డం పడి ఉంటుంది, లేదా ‘ఈ వైఫైలో నెట్ లేదు’ అనుకుని ఫోన్ తనంతట తాను మొబైల్ డేటాకు మారి ఉంటుంది. ఫోన్లలో డేటా ఆపించండి. ముప్పై ఫోన్లు ఒకేసారి వీడియో అడిగితే చిన్న రూటర్ తట్టుకోలేదు కాబట్టి నలుగురికి ఒక ఫోన్ చాలు.

అపోహ: బొమ్మ కదిలించి చూపిస్తే అర్థమైపోతుంది.

అన్నిటికంటే మొండి అపోహ ఇదే. పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు, మనకు తృప్తి కలుగుతుంది, పరీక్షలో మాత్రం ఏమీ రాదు. చూడక ముందు పిల్లవాడు తన ఊహను రాసిపెట్టకపోతే, తెర మీద జరిగింది తన ఊహకు భిన్నమని వాడికి తెలిసే దారి లేదు.

వర్గ బహుపదినే తీసుకుందాం. జియోజీబ్రా ఇన్‌పుట్ గడిలో ఏ ఎక్స్ వర్గం ప్లస్ బి ఎక్స్ ప్లస్ సి అని కొట్టండి. ఏకూ ఎక్స్‌కూ మధ్య, బికీ ఎక్స్‌కూ మధ్య స్టార్ గుర్తో ఖాళీయో వదలాలి, లేకపోతే కొన్ని వెర్షన్లు రెండక్షరాల్నీ కలిపి ఒకే చలరాశిగా చదువుతాయి. మూడు స్లైడర్లు వస్తాయి, మైనస్ 5 నుంచి 5 దాకా. ఏని 1 దగ్గర, సిని 2 దగ్గర, బిని 0 దగ్గర ఆపండి. ఇక చెయ్యి తీసేసి, ‘బి పెంచితే శీర్షం ఎటు పోద్ది?’ అని అడిగి బాణం గీయించండి. దీనికి మార్కాపురం పలకను మించిన సాధనం లేదు: గీసి పైకెత్తితే ఎవరేం అనుకున్నారో ఒక్క చూపులో తెలిసిపోతుంది, ఇట్టే చెరిపెయ్యొచ్చు. ఎక్కువ పలకల మీద బాణం అడ్డంగా ఉంటుంది. ‘పక్కకి జరుగుద్ది సార్’ అంటారు.

ఇప్పుడు ఎక్స్‌ట్రీమమ్ కమాండ్‌తో శీర్ష బిందువు పెట్టి, దాని మీద ట్రేస్ (కదిలిన దారిలో జాడ వదలడం) ఆన్ చేసి, బిని నెమ్మదిగా పెంచండి. శీర్షం ఎడమకు పోతూ కిందికి దిగుతుంది. బిని సున్నాకు తెచ్చి రెండో వైపు తగ్గిస్తే కుడికి పోతూ దిగుతుంది. వదిలిన జాడ బోర్లించిన మరో పరావలయం. ఎందుకంటే శీర్షం ఎక్స్ నిరూపకం మైనస్ బి బై 2ఏ, వై నిరూపకం సి మైనస్ బి వర్గం బై 4ఏ. రెండిటి నుంచీ బిని తొలగిస్తే మిగిలేది, వై ఈక్వల్స్ సి మైనస్ ఏ ఎక్స్ వర్గం. ఇంత జరుగుతున్నా వక్రం వై అక్షాన్ని 2 దగ్గరే దాటుతూ ఉంటుంది. అక్కడ దాని వాలే బి. ఆ చివరి మాట ఇంటర్ పిల్లలకు చెప్పండి, అవకలనం మొదలుపెట్టడానికి అదే మంచి గుమ్మం. తర్వాత ఏని సున్నా చేస్తే గీత సరళరేఖ అవుతుంది, శీర్షం మాయమవుతుంది. ఏ సున్నా కాకూడదని పుస్తకంలో ఉన్న షరతును చూపించాల్సింది ఇక్కడే.

జియోజీబ్రాలో మాస్టార్లనే తికమక పెట్టేవి మూడున్నాయి. సైన్ 30 అని కొడితే 0.5 రాదు, మైనస్ 0.99 వస్తుంది. అది రేడియన్లలో లెక్కేస్తోంది, డిగ్రీ గుర్తు పెట్టాలి. అక్షాల నిష్పత్తి 1:1 కాకపోతే వృత్తం కోడిగుడ్డులా కనిపిస్తుంది, లంబరేఖలు లంబంగా ఉండవు. మామూలు సెట్టింగులో రెండు దశాంశ స్థానాలే చూపిస్తుంది కాబట్టి రూట్ 2 అంటే సరిగ్గా 1.41 అని పిల్లలు రాసేస్తారు. రౌండింగ్‌ను 5కి మార్చుకోండి.

అపోహ: వీడియో పెట్టామంటే పాఠం అయినట్టే.

ఎడెక్స్ అనే ఆన్‌లైన్ చదువుల వేదిక కోర్సుల్లో 69 లక్షల వీడియో వీక్షణలను పరిశీలించి 2014లో వెలువడిన అధ్యయనంలో, వీడియో ఎంత పొడవున్నా చూపు నిలిచింది ఇంచుమించు ఆరు నిమిషాలే. ఐదు నిమిషాలు చూపించి ఆపండి, ఒక లెక్క చేయించండి, మళ్లీ నడపండి. హాట్‌స్పాట్ మాస్టారి ఫోన్‌దే అయితే క్వాలిటీని 360కి దించండి. గంటకు ఇంచుమించు 300 ఎంబీతో సరిపోతుంది, 720లో అదే గంట ఒక జీబీ దాకా తింటుంది.

అపోహ: సిమ్యులేటర్ ఉంటే ల్యాబ్ దండగ.

దీనికి ఎదురు అపోహ కూడా ఉంది, సిమ్యులేటర్ అంటే ఆటబొమ్మ అని. రెండూ తప్పే. సర్క్యూట్లను తెర మీదే కట్టించే టింకర్‌క్యాడ్ వెబ్‌సైట్‌లో, ఆర్డ్యూయినో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డుకు ఎల్‌ఈడీ కలిపించండి. 5 వోల్టుల పిన్, ఎర్ర ఎల్‌ఈడీ దగ్గర 2 వోల్టులు పడిపోతాయి, మిగిలిన 3 వోల్టులను 220 ఓమ్‌లతో భాగిస్తే 13.6 మిల్లీ ఆంపియర్లు. రెసిస్టర్ తీసేస్తే ఏమవుద్దో తెర మీద భయం లేకుండా చూడొచ్చు. పిల్లలకు క్లాస్ కోడ్ ఇస్తే ఈమెయిల్ కూడా అక్కర్లేదు. దీనికి మాత్రం నెట్ ఉండి తీరాలి.

తెర మీద ఎప్పటికీ కనిపించని తప్పులు బల్ల మీద కనిపిస్తాయి. అసలు ఆర్డ్యూయినో బోర్డులోకి ప్రోగ్రాం ఎక్కకపోతే ముందు కేబుల్ మార్చండి. ఛార్జింగుకు మాత్రమే పనికొచ్చే కేబుళ్లు బజారులో బోలెడు, బోర్డు మీద లైటు వెలుగుతుంది గానీ డేటా పోదు. అప్పటికీ పోర్టు కనిపించకపోతే, చవక బోర్డుల్లో ఉండే సీహెచ్340 చిప్ డ్రైవర్ వేయాలి. పోర్టు కనిపిస్తున్నా అప్‌లోడ్ ఆగిపోతుంటే 0, 1 పిన్నులకు పెట్టిన వైర్లు తీసి చూడండి. వైర్లు గుచ్చి సర్క్యూట్ కట్టే పొడవాటి బ్రెడ్‌బోర్డుల్లో కొన్నిటికి పవర్ పట్టీ మధ్యలో తెగి ఉంటుంది, సగం సర్క్యూట్ చచ్చినట్టు పడి ఉంటే అదే కారణం.

నెట్‌లో ల్యాబ్ ప్రయోగాలు చేయించే వర్చువల్ ల్యాబ్స్‌తోనూ అంతే. సిమ్యులేటర్ రీడింగులు మరీ నున్నగా ఉంటాయి, రికార్డులోకి ఎక్కించడం సులువు. బంగారు పట్టీ ఉన్న 220 ఓమ్‌ల రెసిస్టర్ 5 శాతం అటూ ఇటూ, అంటే 209 నుంచి 231 వరకూ ఎంతైనా ఉండొచ్చు. గుంపుకొకటి ఇచ్చి మల్టీమీటర్‌తో కొలిపించి, తెర మీది అంకెకూ దీనికీ తేడా ఎందుకో రికార్డులో రెండు వాక్యాలు రాయించండి. ఆ రెండు వాక్యాలూ పక్కవాడి రికార్డు చూసి రాయడం కుదరదు.

అపోహ: ఎన్‌పీటీఈఎల్ వీడియోలు చూసేస్తే క్రెడిట్లు వచ్చేస్తాయి.

2003 నుంచి ఐఐటీలూ ఐఐఎస్‌సీ కలిసి పెడుతున్న పాఠాలు, చూడటం ఉచితమే. సర్టిఫికెట్‌కు మాత్రం పరీక్ష రిజిస్ట్రేషన్ విడిగా చేసుకుని, ఫీజు కట్టి, సెంటర్‌కు వెళ్లి రాయాలి. కోర్సులో చేరడం, పరీక్షకు రిజిస్టర్ కావడం వేర్వేరు, గడువులూ వేర్వేరు. ఇక్కడే సెమిస్టర్ పోగొట్టుకుంటారు. 12 వారాల కోర్సులో మంచి 8 అసైన్‌మెంట్ల సగటుకు 25 మార్కులు, పరీక్షకు 75. పాస్ కావాలంటే 25కి 10, 75కి 30, రెండూ విడివిడిగా రావాలి. అసైన్‌మెంట్లు వాట్సాప్ గ్రూపులో చూసి కొట్టి 25కి 25 తెచ్చుకుని, పరీక్షలో 20 తెచ్చుకున్నవాడికి మొత్తం 45 వచ్చినా ఫెయిలే. ఎన్‌పీటీఈఎల్ కోర్సులు నడిచే కేంద్ర ప్రభుత్వ వేదిక పేరు స్వయం. ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం వరకూ స్వయం కోర్సులకు అవకాశం ఇవ్వొచ్చని 2021 యూజీసీ నిబంధనలు చెబుతాయి. ఏ కోర్సుకు బదులు ఏది ఒప్పుకుంటారన్నది మీ కాలేజీ, మీ యూనివర్సిటీ చేతిలో ఉంటుంది. చేరకముందే రాతపూర్వకంగా అడగండి.

అపోహ: తెలుగులో ఏమీ లేవు.

ఉన్నాయి. ఫెట్‌లో చాలా సిమ్యులేషన్లకు తెలుగు అనువాదం ఉంది. ఐఐటీ బాంబే స్పోకెన్ ట్యుటోరియల్స్‌లో సీ, లిబ్రేఆఫీస్ లాంటివి తెలుగు గొంతుతో దొరుకుతాయి. సగం తెరలో వీడియో, సగం తెరలో సాఫ్ట్‌వేర్ పెట్టుకుని వెంటవెంటనే చేస్తూ పోవాలి, ఊరికే చూస్తే లాభం లేదు. చిక్కంతా పదాలతోనే. ఏడో తరగతి దాకా భిన్నం, హారం అని నేర్చుకున్నవాడికి వీడియోలో డినామినేటర్ అంటే తెలియదు. ఆ రోజు వచ్చే ఐదారు పదాలను రెండు భాషల్లో బోర్డు మీద ముందే రాసి పెట్టండి.

అపోహ: ఫొటో తీస్తే యాప్ చేసి పెడుతుంది, ఇక డౌటే ఉండదు.

జవాబు వస్తుంది, డౌటు అలాగే ఉంటుంది. ఎక్స్‌కు 6 కలిపి వర్గమూలం తీస్తే ఎక్స్ వస్తుంది, ఎక్స్ ఎంత? ఇరువైపులా వర్గం చేసి సాధిస్తే 3, మైనస్ 2 వస్తాయి. యాప్ 3 ఒక్కటే చూపిస్తుంది. పిల్లవాడు తన నోట్‌బుక్‌లో మైనస్ 2ని కొట్టేసి ఊరుకుంటాడు. ప్రతిక్షేపించి చూడమనండి: మైనస్ 2కి 6 కలిపితే 4, దాని వర్గమూలం 2, మైనస్ 2 కాదు. మరి లేని మూలం ఎక్కడ నుంచి వచ్చింది? వర్గం చేసినప్పుడు 2కీ మైనస్ 2కీ తేడా చెరిగిపోయింది. నోట్‌బుక్‌లో అది జరిగిన లైను ఏదో వాణ్నే వెతికి, పెన్సిల్‌తో గుర్తు పెట్టమనండి.