లోతుకు పోతే నీళ్లు పెరుగుతాయా? బోర్లపై అపోహలు, వాస్తవాలు

చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లోనూ, తిరుపతి చుట్టుపక్కలా బోరు ఎక్కడ వేయాలో చూసే పనిలో నేను అన్నిటికంటే ఎక్కువగా విన్న మాట ఒకటుంది: "ఇంకో రెండు నూర్ల అడుగులు దించితే నీళ్లు పడకుండా పోతాయా సార్?" పలమనేరు రైతైనా, తిరుపతి శివార్లలో ఇల్లు కట్టుకునే ఉద్యోగి అయినా అడిగేది ఇదే. జనానికి ఎక్కువ నష్టం తెస్తున్న నమ్మకం ఇదే కాబట్టి ముందు దీని గురించే రాస్తున్నాను.

అపోహ: లోతు పెరిగేకొద్దీ నీళ్లు పెరుగుతాయి.

వాస్తవం: మన కాళ్ల కింద ఉన్నది గ్రానైట్, నీస్ (చారలుండే గట్టి రాయి) బండ. డెల్టా ఇసుక పొరల్లో మాదిరిగా ఈ రాతి గుండా నీరు ఊరదు. పైన గుల్లబారిన పొరలోనూ, దాని కిందనున్న పగుళ్లలోనూ మాత్రమే నిలుస్తుంది. దిగువకు పోయేకొద్దీ పై బండ బరువుకు పగుళ్లు ముడుచుకుపోయి అరుదవుతాయి కనుక, మొదటి నాలుగైదు వందల అడుగుల్లో దొరకని నీరు వెయ్యి అడుగుల్లో దొరికే అవకాశం తక్కువే. ఎక్కడో ఒక లోతైన పగులు తగిలి నీరు ఎగజిమ్మినా, అది ఏళ్ల తరబడి చేరి నిలిచిన నీరు. వాన నీరు అక్కడికి దిగడం చాలా నిదానం కాబట్టి తోడిన వేగానికి అది మళ్లీ నిండదు. అందులో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే ప్రమాదమూ ఉంది. తాగే నీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు.

నాలుగేళ్ల కిందట పుంగనూరు దగ్గర ఒక టమాటా రైతు పొలంలో రాత్రి పదకొండు గంటలకు బోరు బండి పక్కన నిలుచున్నాను. 320 అడుగుల దగ్గర కాస్త తడి కనిపించింది. ఆ తర్వాత బోరులోకి దింపిన ప్రతి ఇనుప రాడ్డుకూ తెల్లటి దుమ్మే లేచింది. ఆ రైతు ప్రతిసారీ గుప్పెడు రాతి పిండి తీసుకుని అరచేతిలో నలిపి చూసుకునేవాడు. ఆయన భార్య పసుపు, కర్పూరం, టెంకాయ పెట్టిన పళ్లెంతో గట్టు మీదనే కూర్చుంది. 500 దగ్గర ఆపమన్నాను. పక్క ఊరిలో 1,200 అడుగుల్లో ఏరు తగిలిందని ఎవరో చెప్పిన మాట ఆయన మనసులో పాతుకుపోయింది. లోతుతోపాటు అడుగు రేటు కూడా పెరుగుతుందని తెలిసీ 940 దాకా దింపించాడు. చుక్క పడలేదు. తర్వాత ఆ పక్క ఊరి బోరును నేనే వెళ్లి చూశాను: మోటారు వేస్తే ఇరవై నిమిషాలు పోసి ఆగిపోతోంది, మళ్లీ నీరు చేరడానికి అరపూట పడుతోంది. అలాంటి పుకారు మోసేవారికి పోయేదేమీ ఉండదు. ఈ రైతు మాత్రం పాడి ఆవులు రెండూ అమ్ముకున్నాడు. కళ్ల ముందు పంట ఎండుతున్న మనిషికి ఆగమని చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు, అందుకే ఆయనను తప్పుపట్టలేను.

బోరు వేయించేటప్పుడు ఒక్కో రాడ్డు పిండిని విడివిడిగా, వరుసగా కుప్పలు పోయించండి. తుప్పు రంగు ముక్కలు వస్తుంటే పగుళ్లు ఉన్నాయని ఆశ పెట్టుకోవచ్చు. అయిదారు కుప్పలు ఒకే రంగులో, పగుళ్లు లేని గట్టి రాయిగా వస్తే బండిని నిలిపేయించండి.

అపోహ: రెండించుల నీళ్లంటే ఇంచు నీళ్లకు రెట్టింపు.

వాస్తవం: ఆ ఇంచులు పైపు కొలత కాదు, వీ-నాచ్ పలక (నీరు పారేందుకు V ఆకారంలో గాడి కోసిన రేకు) మీద నీటి ఎత్తు. 90 డిగ్రీల నాచ్ మీద ఒక ఇంచు అంటే గంటకు సుమారు 500 లీటర్లు, రెండించులంటే 2,900 దాకా. బోరు వేసిన రోజు కొలత చూసి మోటారు కొనకండి, పగుళ్లలో నిలిచిన నీరు పోయాక అసలు ఊట తెలుస్తుంది.

అపోహ: అరచేతిలో పెట్టుకుని నడిచే టెంకాయ నిలబడిన చోట నీళ్లు తప్పవు.

వాస్తవం: గుల్లరాయి మందంగా ఉన్న చోట ఎక్కడ వేసినా కొంత నీరు పడుతుంది, పేరు టెంకాయకు వస్తుంది.

అపోహ: నా పొలంలో నా బోరుకు ఎవరి అనుమతీ అక్కరలేదు.

వాస్తవం: 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా బోరు వేయకూడదు.

అపోహ: ఎండిన బోరులోకి వాన నీరు వదిలితే చాలు.

వాస్తవం: బురద నీరు నేరుగా దిగితే ఒండ్రు చేరి ఉన్న పగుళ్లూ మూసుకుపోతాయి. బోరు చుట్టూ గుంత తీసి, రాళ్లు, కంకర, ఇసుక పొరలుగా నింపి, వాటి గుండా వడకట్టుకుని వచ్చిన నీటినే కేసింగ్ (బోరు పైభాగంలో దించే పైపు) రంధ్రాల్లోంచి లోపలికి పోనివ్వాలి. పై ఇసుకను ప్రతి ఏటా వానలకు ముందు తీసి కడగాలి.