అపోహలు - వాస్తవాలు: అయోడిన్ తీసుకున్న అమ్మ పాపను ఎప్పుడు ఎత్తుకోవచ్చు?

న్యూక్లియర్ మెడిసిన్‌లో (రేడియేషన్ ఉన్న మందులతో స్కాన్లు, చికిత్స చేసే విభాగం) టెక్నాలజిస్టుని. వారానికి ఒక్కరైనా అడిగే మాట: "రేడియేషన్ ఒంట్లోకి వెళ్తే ఇక పోదట కదా మేడం?" ఆ "అట" ఎక్కడ పుడుతుందో గానీ, దాన్ని నమ్మి థైరాయిడ్ క్యాన్సర్‌కి ఇచ్చే రేడియో అయోడిన్ (రేడియేషన్ వెలువరించే అయోడిన్ మందు) డోసు వాయిదా వేసుకునేవాళ్లూ ఉన్నారు. అందుకే ముందు దాని సంగతే చెప్తాను.

అపోహ: రేడియో అయోడిన్ తీసుకున్న మనిషి నెలల తరబడి ఇంట్లోవాళ్లకు ప్రమాదం.

వాస్తవం: ఆ మందులో ఉండే అయోడిన్-131 హాఫ్ లైఫ్, అంటే ఉన్నది సగానికి తగ్గే సమయం, 8 రోజులు. అది సీసాలో ఉన్నప్పటి లెక్క. ఒంట్లో ఇంకా త్వరగా తగ్గుతుంది. ఆపరేషన్‌లో థైరాయిడ్ గ్రంథి తీసేసి ఉంటారు కాబట్టి మిగిలిన కాసిని కణాలు పట్టుకున్నది పోను, చాలా భాగం మొదటి రెండు రోజుల్లోనే మూత్రంలో వెళ్లిపోతుంది. నీళ్లు తాగండి, తాగండి అని మేం వెంటపడేది అందుకే. ఫ్లష్ రెండుసార్లు కొట్టమనేదీ అందుకే. పెద్ద డోసు అయితే ప్రత్యేక గదిలో ఉంచి, మీటరు దూరం నుంచి రీడింగ్ తీసి, ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) పరిమితికి లోపల ఉంటేనే ఇంటికి పంపుతాం. ఆ తర్వాత పిల్లలకు, గర్భిణులకు దూరంగా ఉండాల్సింది డోసును బట్టి కొన్ని రోజుల నుంచి రెండు మూడు వారాలు.

ఒకామె డోసు తీసుకున్న నాలుగు నెలలకు చెకప్‌కి వచ్చింది. రెండేళ్ల పాప అమ్మమ్మ కొంగు పట్టుకుని నిలబడింది, తల్లి వైపు రావడం లేదు. "ఇంకా రెండు నెలలుంది మేడం, అప్పటిదాకా ఎత్తుకోను" అంది. నాకు ముందు అర్థం కాలేదు. నాలుగు నెలలంటే 15 హాఫ్ లైఫ్‌లు, 32 వేలలో ఒక వంతు కూడా మిగలదు. రేడియేషన్ కొలిచే సర్వే మీటర్ తెచ్చి గోడ దగ్గర పెట్టాను, ఆమె మెడ దగ్గర పెట్టాను. ముల్లు అక్కడే ఉంది. కారిడార్‌లో గ్రానైట్ మెట్టు మీద పెడితే కాస్త ఎక్కువే చూపించింది. ఆ రాతిలో యురేనియం, థోరియం సహజంగానే ఉంటాయి మరి.

ఆ "ఆరు నెలలు" ఎక్కడిదో తర్వాత తెలిసింది. ఆడవాళ్లకు డోసు తర్వాత ఆరు నెలలు గర్భం రాకుండా చూసుకోమని చెప్తాం. ఆమెకిచ్చిన ఇంగ్లీషు కాగితంలో ఉన్నది అదే. చదివి చెప్పిన బంధువు దాన్ని "పిల్లల్ని ముట్టుకోకూడదు" అని చెప్పేశాడు. తప్పు ఆయనొక్కడిదే అనలేను, కాగితం ఇచ్చింది మేమే. ఇప్పుడు "పిల్లలకు దూరం: ఫలానా తేదీ వరకు" అని తెలుగులో చేత్తో రాసిస్తున్నాను. అన్నట్టు, ఆరు నెలలు ఆగమన్నామంటే ఇక పిల్లలే పుట్టరని కాదు. ఆ టెన్షన్ వద్దు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

"రేడియో అయోడిన్ కొత్త ప్రయోగం." కాదు. 1941లోనే బోస్టన్‌లో సాల్ హెర్ట్జ్ అనే డాక్టర్ థైరాయిడ్ జబ్బుకి రేడియో అయోడిన్ ఇచ్చారు.

"బోన్ స్కాన్ చేయించుకుంటే నెల రోజులు విడిగా ఉండాలి." అందులో వాడే టెక్నీషియం-99ఎం హాఫ్ లైఫ్ 6 గంటలు. మర్నాడు అదే సమయానికి పదహారో వంతు. మిగతాది మీరే లెక్కేసుకోండి.

"కరెంటు పెట్టించుకున్నవాళ్ల పక్కన కూర్చోకూడదు." బయట నుంచి మిషన్‌తో ఇచ్చే రేడియేషన్ ఒంట్లో మిగలదు. మిషన్ ఆగితే అదీ ఆగినట్టే.

"రేడియోఐసోటోప్ (రేడియేషన్ వెలువరించే పరమాణువు) అంటేనే విషం." మనందరి ఒంట్లో పొటాషియం-40 అనే రేడియోఐసోటోప్ సహజంగానే ఉంటుంది, పెద్దవాళ్లలో సెకనుకు సుమారు 4,000 పరమాణువులు విచ్ఛిన్నమవుతూనే ఉంటాయి.

"అయోడిన్ డోసుకి పథ్యం అక్కర్లేదు." అక్కరే. డోసుకి ముందు ఒకటి రెండు వారాలు అయోడైజ్డ్ ఉప్పు, సముద్రపు చేపలు మానేయాలి, లేకపోతే మిగిలిన కణాలు ముందే మామూలు అయోడిన్‌తో నిండిపోయి మందును పట్టుకోవు. కూరలో ఉప్పు మార్చి, ప్యాకెట్ ఉప్పుతో పెట్టిన ఆవకాయ మాత్రం రోజూ వేసుకునేవాళ్లు ఎంతమందో! జాడీ కూడా పక్కన పెట్టండి.