పుస్తకం మధ్యలో లాక్కోకండి: పిల్లల డిస్టోపియన్ నవలలపై అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో ఒక స్కూలు లైబ్రరీలో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను. పేరెంట్స్ మీటింగ్ జరిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు 'హంగర్ గేమ్స్' అనే డిస్టోపియన్ నవల, అంటే క్రూరమైన పాలన నడిచే ఊహాలోకపు కథ, చేతిలో పట్టుకుని నా టేబుల్ దగ్గరికి వస్తారు. "మేడమ్, పిల్లలు పిల్లల్ని చంపుకునే కథ ఇది. ఇసుంటివి ఎందుకిస్తున్నరు?" మొన్న శనివారం కూడా ఒక తండ్రి వచ్చారు. ఆయన కోపంగా లేరు, భయంగా ఉన్నారు. అందుకే ఈ నాలుగు మాటలు.

అపోహ: ఇలాంటి కథ చదివితే పిల్లల మనసు చెడిపోతుంది, కనిపించగానే లాక్కోవాలి.

పిల్లలకు ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ అపోహే. కథలో హింస లేదని నేను అనను. 12 నుంచి 18 ఏళ్ల పిల్లలు 24 మందిని ఒకచోట వదిలి, ఒక్కరు మిగిలేదాకా ఆడిస్తారు. దేశమంతా టీవీలో చూస్తుంది. కానీ చదివిన పిల్లలు నా దగ్గర మాట్లాడేది చంపడం గురించి కాదు.

రెండేళ్ల కిందట తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి ఇష్యూ స్లిప్పు వెనక పెన్సిల్‌తో ఒక లెక్క వేసి తెచ్చింది. ఒకటి ప్లస్ మూడు నాలుగు, నాలుగైదుల ఇరవై. దాని కింద ఆరేడుల నలభై రెండు. నవలలో పన్నెండేళ్లు నిండిన ప్రతి ఒక్కరి పేరూ ఏటా ఒక చీటీ మీద రాసి, ఆటకు పంపే పిల్లల్ని ఎంచే లాటరీలో వేస్తారు. తిండికి లేనివాళ్లు ఇంట్లో మనిషికో చీటీ చొప్పున అదనంగా వేయించుకుంటే, ఒక మనిషికి ఏడాదంతా బొటాబొటిగా వచ్చే గింజలు, నూనె ఇస్తారు. పాత చీటీలు పోవు, ఏటా కలుస్తుంటాయి. అలా హీరోయిన్ కాట్నిస్‌కు పదహారేళ్లకే 20 చీటీలు, ఆమె స్నేహితుడు గేల్‌కు పద్దెనిమిదేళ్లకు 42. "మేయర్ బిడ్డకు అయిదే గద మేడమ్! లాటరీ అందరికీ ఒక్కటే అంటరు, ఒక్కటెట్లయితది?" అని అడిగింది. "మా రేషన్ కార్డు లెక్కనే ఉన్నది, ఇంట్ల ఎంతమంది ఉంటే అంత" అని కూడా అంది. వాళ్ల నాన్న భూపాలపల్లిలో బొగ్గుబాయి పనికి పోతారు. కాట్నిస్ వాళ్లదీ బొగ్గు ప్రాంతమే, ఆమె తండ్రి గని పేలుడులో పోతాడు. ఆ పేజీ దగ్గర పుస్తకం పక్కన పెట్టి నాన్నకు ఫోన్ చేశానని నాతో చెప్పింది.

ఆ అమ్మాయి ఇక్కడ మేనత్త ఇంట్లో ఉండి చదువుకునేది. పన్నెండేళ్ల రూ అనే పిల్ల ఆటలో చనిపోయే చోట అత్తమ్మ చూసి పుస్తకం లాక్కుంది. ఆ తర్వాత పేజీల్లోనే కాట్నిస్ ఆ పిల్ల ఒంటినిండా అడవి పూలు పేరుస్తుంది. రూ ప్రాంతం జనం, తమకే తిండి చాలనివాళ్లు, కాట్నిస్‌కు రొట్టె పంపుతారు. ఈ పిల్లకు చావు దొరికింది గానీ పూలూ రొట్టే దొరకలేదు. రెండు నెలలు లైబ్రరీ ముఖం చూడలేదు. దొంగచాటుగా ఫోన్‌లో సినిమా ముక్కలు చూసిందట, అవీ చంపుకునే ముక్కలే. నిద్ర పట్టడం లేదని అప్పుడు మొదలైంది. అత్తమ్మను పిలిచి, ఆ పూల పేజీ, రొట్టె పేజీ తెలుగులో చెప్పుకుంటూ వినిపించాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. పుస్తకం సంచిలో పెట్టుకుని వెళ్లింది.

నా చిన్నప్పుడు మా నాయనమ్మ మేడారం జాతరకు తీసుకుపోతూ దారి పొడుగునా సమ్మక్క, సారలమ్మ కథ చెప్పింది. కరువులో కప్పం కట్టలేమన్న కోయల మీదికి కాకతీయ సైన్యం రావడం, సమ్మక్క కొడుకు జంపన్న వాగులో పడి చనిపోవడం. నాకు ఆరేళ్లు. వాగులో కాలు పెట్టనని ఏడ్చాను. ఆమె కథ ఆపలేదు, గద్దెల దగ్గర దండం పెట్టించేదాకా చెప్పింది. ఈ నవలలో ఆటకు పంపే పిల్లల్ని ట్రిబ్యూట్లు అంటారు. ట్రిబ్యూట్ అంటే కప్పమే. మేడారం కథ పిల్లలకు చెప్పొద్దని ఇంతవరకు నాతో ఒక్కరూ అనలేదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. "అమెరికాలోనే నిషేధించారట" అని వాట్సాప్‌లో తిరుగుతుంది. అక్కడి లైబ్రరీ అసోసియేషన్ ఎక్కువ ఫిర్యాదులు వచ్చిన పుస్తకాల జాబితాలో 2010, 2011, 2013 సంవత్సరాల్లో ఇది ఉంది. ఫిర్యాదు వేరు, నిషేధం వేరు. "రచయిత్రి హింసను అమ్ముకుంది" అనేది ఇంకో మాట. సుజాన్ కాలిన్స్ తండ్రి వియత్నాం యుద్ధంలో పనిచేసిన సైనికుడు. ఒక రాత్రి టీవీ చానళ్లు మారుస్తుంటే ఒకదాంట్లో రియాలిటీ షో, ఇంకోదాంట్లో ఇరాక్ యుద్ధం కనిపించి, రెండూ కలిసిపోయినట్టు అనిపించిందని ఆమే చెప్పింది. 2008లో వచ్చిన నవల అక్కడ పుట్టింది. ప్రేమకథేనని కొట్టిపారేసేవాళ్లు ఆ చీటీల లెక్క ఒకసారి వేసి చూడాలి.

అలాగని అందరికీ ఇవ్వను. ఎనిమిదో తరగతికి ముందు ఇవ్వను. మూడో భాగం బాగా బరువైనది, మొదటి రెండూ చదివి నాతో మాట్లాడినవాళ్లకే ఇస్తాను. పిల్లలు వారాల తరబడి తినకపోయినా, నిద్రపోకపోయినా, ఒంటరిగా కూర్చుంటున్నా పుస్తకం మీద నెట్టేసి ఊరుకోకండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, డబ్బులు అడగరు.

శనివారం వచ్చిన ఆ తండ్రి పుస్తకంలో ఒక ఆర్టీసీ బస్సు టికెట్ గుర్తుగా పెట్టి ఉంది. తెరిచి చూశాను. చెల్లి పేరు చీటీలో వస్తే, ఆమె బదులు నేను పోతానని కాట్నిస్ ముందుకొచ్చే పేజీ. ఆట ఇంకా మొదలే కాలేదు. "మావోడు వారం నుంచి నాతోని మాట్లాడుతలేడు మేడమ్" అన్నారాయన. పుస్తకం పిల్లాడి కార్డు మీదే మళ్లీ రాసి ఆయన చేతికిచ్చాను. "ముందు మీరు చదవండి, ఆ టికెట్ మాత్రం అక్కడి నుంచి తీయకండి" అన్నాను.