కరణం పెట్టె నుంచి ఆఫీసు లాగిన్ దాకా

గోదావరి జిల్లాల్లో లంచాన్ని లంచం అనేవాళ్లు తక్కువ. "మామూలు" అంటారు. రోజూ జరిగేదీ మామూలే, చట్టం నేరమన్నదీ మామూలే. రెండింటికీ ఒకే మాట ఎలా సరిపోయిందో తెలియాలంటే ఆనకట్ట కట్టిన రోజుల దాకా వెళ్లాలి.

ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852కి పూర్తయింది. నీళ్లొచ్చాక మెట్ట చేలు మాగాణి అయ్యాయి. మెట్టకో శిస్తు, మాగాణికో శిస్తు. ఏ చేను ఏ తరగతిలోకి వస్తుంది, ఎన్ని సెంట్లు తడిసింది, ఏ ఏడు పంట పోయింది, ఇవన్నీ రాసేది ఊరి కరణం. రైతుల్లో చాలామందికి చదువు రాదు. చదువొచ్చినా ఆ లెక్కలు కంటికి కనిపించవు. అంటే నీళ్లతో పాటు కలం విలువ కూడా పెరిగింది. శిస్తు వసూళ్లలో జరుగుతున్న హింస మీద మద్రాసు ప్రభుత్వం వేసిన కమిషన్ 1855లో నివేదిక ఇచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తం మీద రైతులను కొట్టి, ఎండలో నిలబెట్టి డబ్బు గుంజడం నిజమేనని అందులో ఒప్పుకున్నారు. శిస్తు కోసం పెట్టిన ఆ బాధలే చిన్న ఉద్యోగుల చేతి డబ్బు కోసమూ పెట్టారు.

1895లో మద్రాసు ప్రభుత్వం చేసిన చట్టం మునసబు, కరణం ఉద్యోగాలను వంశపారంపర్యంగా ఉంచింది. తండ్రి తరవాత కొడుకు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఇదే నడిచింది. 1960 చివర్లో, పక్క డెల్టాలోని తెనాలి తాలూకా నుంచి వెళ్లిన ఒక కేసులో, పుట్టుకను బట్టి ఉద్యోగం ఇవ్వడం రాజ్యాంగానికి విరుద్ధమని సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. తీర్పు వచ్చిందే గానీ ఊళ్లో లెక్కల పెట్టె మటుకు పెద్దగా చేతులు మారలేదు. మా తాతయ్య చెప్పేవారు: అడంగల్‌లో తన చేను ఎవరి పేర రాసి ఉందో చూడాలంటే కరణంగారి అరుగు మీద కూర్చోవాలి. పండక్కి గుమ్మడికాయో, నెయ్యి గిన్నో పట్టుకెళ్లాలి. దాన్ని లంచమని ఆయన ఎప్పుడూ అనలేదు. "మర్యాద" అనేవారు.

ఆ పెట్టె తాళం 1984 జనవరిలో పగిలింది. ఎన్టీఆర్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి గ్రామాధికారుల పదవులను ఒక్క దెబ్బతో రద్దు చేసింది. 1985లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ ఏడాదే తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. రద్దు సరైన పనే, నాకు అందులో అనుమానం లేదు. అయితే తరవాత ఆ లెక్కలు ఎవరు రాయాలి, ఎవరు చూడొచ్చు అన్నదాని మీద అంత శ్రద్ధ పెట్టలేదు. చాలా ఊళ్లలో పాత దస్త్రాలు పూర్తిగా చేతికి రాలేదని పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. విలేజ్ అసిస్టెంట్ వచ్చాడు, తరవాత గ్రామ పరిపాలనాధికారి (వీఏఓ), పంచాయతీ కార్యదర్శి, గ్రామ రెవెన్యూ అధికారి (వీఆర్వో). ఊరి అరుగు మీదున్న కాగితం మండలాఫీసు బీరువాలోకి చేరింది. రైతు తిరగాల్సిన దూరం పెరిగింది, అడగాల్సిన మనుషులూ పెరిగారు.

కంప్యూటర్ వచ్చాక ఈ బాధ తీరుతుందని అందరం నమ్మాం. కొంత తీరింది కూడా. 2011లో మొదలైన మీసేవ వల్ల అడంగల్, భూమి హక్కుల కాగితమైన 1బి ఎవరైనా తీసుకోగలుగుతున్నారు. తాతయ్య అరుగు మీద కూర్చుని చూసిన కాగితం నేను కొన్ని రూపాయలు కట్టి చేతిలోకి తెచ్చుకున్నాను. చూడ్డం వరకూ అంత తేలిక. మార్చడమే కష్టం. నాన్నగారు పోయాక పేరు మార్పిడికి దరఖాస్తు పెట్టాను. మూడోసారి వెళ్లినప్పుడు కౌంటర్లో కుర్రాడు నా వైపు జాలిగా చూసి, "మన దగ్గర పని అయిపోయిందండీ. ఇప్పుడు సార్ లాగిన్‌లో ఉందండీ. ఓసారి వెళ్లి కలిసి రండి" అన్నాడు. కలిసి రండి అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. నేను డబ్బివ్వలేదు. పని అవడానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ అమ్మ పడ్డ టెన్షన్ చూశాక, ఇచ్చేసేవాళ్లను తప్పు పట్టడానికి నాకు మనసు రాదు.

2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాల వ్యవస్థ కాకినాడ పక్కనున్న కరపలోనే మొదలైంది. ఆఫీసు మళ్లీ ఊళ్లోకి వచ్చింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి అమలాపురానికీ భీమవరానికీ కలెక్టరేట్లు వచ్చాయి. సోమవారం అర్జీ పట్టుకుని కోనసీమ నుంచి కాకినాడ దాకా బస్సెక్కే పని తప్పింది. ఈ మేలు చిన్నదేం కాదు.

ఇంత జరిగినా కౌలు రైతు పేరు మటుకు కాగితం మీదకు ఎక్కలేదు. డెల్టాలో వరి చేలల్లో దిగేవాళ్లలో ఎక్కువమంది కౌలుదార్లే. 2011 చట్టం వాళ్లకు రుణ అర్హత కార్డు ఇచ్చింది. 2019లో వచ్చిన చట్టం కార్డుకు భూయజమాని సంతకం కావాలంది. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం. కార్డు లేకపోతే, వేసిన పంటను ప్రభుత్వం నమోదు చేసే ఈ-క్రాప్‌లో పేరు ఎక్కడం కష్టం. పేరు లేకపోతే ధాన్యం అమ్మడానికీ తుపాను నష్టానికీ ఎవరినో ఒకరిని బతిమాలుకోవాలి. బతిమాలాల్సిన ప్రతి చోటా ఒక చెయ్యి చాపి ఉంటుంది.

పట్టుకునే ఏర్పాట్లు లేవని కాదు. అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) 1961 నుంచీ ఉంది, లోకాయుక్త చట్టం 1983లో వచ్చింది. 1064కి ఫోన్ చేస్తే ఏసీబీ వాళ్లు పలుకుతారు. నోట్ల నంబర్లు రాసుకుని, వాటికి ఫినాఫ్తలీన్ పొడి రాస్తారు. తీసుకున్న చేతిని సోడియం కార్బొనేట్ నీళ్లలో ముంచితే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. 2018లో అవినీతి నిరోధక చట్టం మారాక ఇచ్చేవాళ్లూ నేరస్థులే. బలవంతం మీద ఇచ్చి, ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేసినవాళ్లకు మినహాయింపు ఉంది. ఈ ఏడు రోజుల సంగతి మన ఊళ్లలో తెలిసినవాళ్లు చాలా తక్కువ.

ఏసీబీ పొడికి దొరకని డబ్బు ఇంకొకటి ఉంది, అది కాలువ అడుగున పోతుంది. ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు, జూన్‌లో మళ్లీ వదులుతారు. ఈ మధ్యలోనే పూడిక తీయాలి, తూడు, గుర్రపుడెక్క ఏరాలి, గట్లు కట్టాలి. ఎంత తీశారో ఎం-బుక్కులో కొలత రాస్తారు, దాన్ని బట్టే బిల్లు. పని మే చివరి వారంలో మొదలవుతుంది. పైపైన జేసీబీ తిరుగుతుంది. తీసిన మట్టి గట్టు మీదే పోస్తారు, మొదటి వానకు అది మళ్లీ లోపలికే జారుతుంది. ఈలోగా నీళ్లు వదిలేస్తారు. ఇక మీటరు లోతు తీశారా, జానెడు తీశారా అని కొలిచేదెవరు? ఆ తేడా తెలిసేది ఆగస్టులో, శివారు చేలకు నీళ్లు అందనప్పుడు. లేదా వానకు డ్రెయిన్ పొంగి నాట్లు కుళ్లినప్పుడు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు పూడిన డ్రెయిన్ల సంగతి కూడా గట్టిగా చెప్పారు.

ఈ కొలతల మీద రైతులకు అధికారం ఇవ్వాలనే 1997లో నీటి సంఘాల చట్టం తెచ్చి, ఆ ఏడే ఎన్నికలు పెట్టారు. మొదటి రెండు మూడేళ్లు చాలాచోట్ల రైతులు స్వయంగా గట్టు మీద నిలబడి పని చేయించారు. తరవాత కొన్నిచోట్ల సంఘం అధ్యక్షుడే కాంట్రాక్టరు అయ్యాడు. మధ్యలో ఏళ్ల తరబడి ఎన్నికలే లేవు. మళ్లీ 2024 డిసెంబరులో జరిగాయి.

2005 సమాచార హక్కు చట్టంలో చాలామంది చూడని ఒక వీలు ఉంది. కాగితాల నకళ్లే కాదు, జరుగుతున్న పనిని స్వయంగా వెళ్లి చూస్తామనీ అడగొచ్చు, వాడిన సామాను నమూనా ఇమ్మనీ అడగొచ్చు. దరఖాస్తు తెలుగులో రాసుకోవచ్చు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకు రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు. కాలువ పని గురించి జూన్‌లో అడిగితే జవాబు వచ్చేసరికి కాలువ నిండా నీళ్లే. ఎం-బుక్కు నకలు, పని జరిగే తేదీలు, దగ్గరుండి చూసే అనుమతి, ఈ మూడూ అడుగుతూ మార్చి ఆఖరుకే దరఖాస్తు ఇస్తే, కాలువ ఎండి ఉండగానే జవాబు చేతికి వస్తుంది.