మ్యాప్‌లో ఎర్ర చుక్కలు: అడవి మంటలు, ఉపగ్రహాల గురించి అపోహలు - వాస్తవాలు

శివరాత్రి దాటిందంటే నా ఫోన్‌కి స్క్రీన్‌షాట్లు మొదలవుతాయి. నల్లమల మ్యాప్, దాని నిండా ఎర్ర చుక్కలు, కింద "అన్నా, అడవంతా తగలబడిపోతోందా?" అని ఒక ప్రశ్న. ఉపగ్రహ డేటాలో మంటల్ని వెతికి మ్యాప్ చేయడమే నా పని కాబట్టి ఏటా ఇవే జవాబులు ఒక్కొక్కరికీ విడివిడిగా రాస్తుంటాను, ఈసారి అన్నీ ఒకచోట పెడుతున్నాను.

అపోహ: ఎర్ర చుక్క అంటే ఉపగ్రహం తీసిన మంట ఫొటో.

ఫొటో కాదు, లెక్క. ఎండకు కాగిన మామూలు నేల నుంచి వచ్చే వేడి 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తరంగదైర్ఘ్యం దగ్గర ఎక్కువగా ఉంటుంది, మంట నుంచి వచ్చేది 4 మైక్రాన్ల దగ్గర ఒక్కసారిగా పెరుగుతుంది. సెన్సర్ ఈ రెండింటినీ కొలుస్తుంది, ఒక పిక్సెల్, అంటే చిత్రంలోని ఒక గడి, తన చుట్టుపక్కల పిక్సెళ్ల కంటే బాగా తేడాగా ఉంటే అక్కడ మంట ఉన్నట్టు ప్రోగ్రాం గుర్తు పెడుతుంది. నాసా ఉపగ్రహాల మీదుండే మోడిస్ అనే సెన్సర్‌కి ఒక పిక్సెల్ అంటే కిలోమీటరుకు కిలోమీటరు, అంటే దాదాపు 250 ఎకరాలు. అందులో ఏ మూలో పావెకరం మేర మంట రేగినా చాలు, ఆ పిక్సెల్‌కి చుక్క పడుతుంది. దాని తర్వాత వచ్చిన వీర్స్ అనే సెన్సర్ ఇంకొంచెం నయం, దాని పిక్సెల్ 375 మీటర్లు, అంటే సుమారు 35 ఎకరాలు. అందుకే చుక్కల్ని లెక్కపెట్టి 35తో గుణించి "ఇన్ని వేల ఎకరాలు బూడిద" అని రాసేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇంకో సంగతి, చుక్క పడేది పిక్సెల్ మధ్యలో, మంట ఉన్నచోట కాదు. ఒకసారి అడవిలో మంటలు కనిపెట్టి ఆర్పే ఫైర్ వాచర్‌తో కలిసి చుక్క చూపించిన చోటికి నడిచి వెళ్లాం. అక్కడ బోద గడ్డి నిటారుగా, ఎండిపోయి, చెక్కుచెదరకుండా ఉంది. "ఇక్కడ కాదు సార్, వాసన అటు నుంచి వస్తంది" అని ఆయన వాగు దాటించి తీసుకెళ్లాడు. దాదాపు 200 మీటర్ల అవతల నేలంతా నల్లగా ఉంది, రాలిన ఆకు మొత్తం కాలిపోయింది, చెట్ల మొదళ్లు మోకాలి ఎత్తు వరకు మసిబారాయి, పైన కొమ్మలకు ఏమీ కాలేదు. పడిపోయిన మాను ఒకటి లోపల్లోపల ఇంకా కాలుతూనే ఉంది. మన అడవుల్లో మంట చాలావరకు ఇలాగే నేలబారుగా పాకుతుంది, టీవీలో కాలిఫోర్నియా మంటలు చూసి అదే ఊహించుకోకండి.

అపోహ: ఉపగ్రహం ఇరవై నాలుగు గంటలూ మన అడవినే చూస్తుంటుంది.

వీర్స్ ఉన్న ఉపగ్రహాలు మన మీదుగా వెళ్లేది మధ్యాహ్నం 1:30, రాత్రి 1:30కి అటూఇటూగా. సాయంత్రం నాలుగింటికి అంటుకుని చీకటి పడేలోపు ఆరిపోయిన మంట వాటికి అసలు తెలియదు. పంజాబ్‌లో వరి కొయ్యలు సాయంత్రం పూట తగలబెడితే చుక్కలు తగ్గి, పొగ మాత్రం అలాగే ఉండటానికి ఇదొక కారణం. మన వాతావరణ ఉపగ్రహం ఇన్‌శాట్-3డీఆర్ లాంటివి ఒకేచోట నిలబడి అరగంటకోసారి చూస్తాయి గానీ వాటి పిక్సెల్ 4 కిలోమీటర్లు, పెద్ద మంటైతే తప్ప దొరకదు.

అపోహ: పొగ కమ్మితే ఉపగ్రహానికి మంట కనపడదు.

పొగలోంచి చాలావరకు కనపడుతుంది, ఆ 4 మైక్రాన్ల కిరణాలకు పొగ రేణువులు పెద్దగా అడ్డురావు. మబ్బు పడితే మాత్రం ఏమీ కనపడదు.

అపోహ: చుక్క ఉన్నచోటల్లా అడవి కాలుతున్నట్టే.

విశాఖ ఉక్కు కర్మాగారం దగ్గరా పడుతుంది, చమురు బావుల దగ్గర గ్యాస్ మండించే చోటా పడుతుంది. మన్యంలో పోడు కాల్చినా, పొలంలో కొయ్యలు కాల్చినా చుక్కే. ఏళ్ల తరబడి ఒకేచోట పడుతుంటే అది ఫ్యాక్టరీ అనుకోవచ్చు. ఇంకొకటి గట్టిగా చెప్పాలి: నిప్పు ఎవరు పెట్టారో ఉపగ్రహం చెప్పదు. మ్యాప్ చూసి చెంచు గూడేల మీద నింద వేయడం అన్యాయం, ఎండాకాలమంతా అడవిలో తిరిగి మంటలార్పే ఫైర్ వాచర్లలో చెంచులున్నారు.

అపోహ: ముందు, తర్వాత చిత్రాలు పక్కపక్కన పెడితే ఎంత కాలిందో తేలిపోతుంది.

నా టెన్షన్ అంతా ఇక్కడే. సెంటినెల్-2, ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాల్లో పచ్చటి ఆకు కంటికి కనపడని సమీప పరారుణ కాంతిని బాగా తిప్పికొడుతుంది, కాలిన నేల తిప్పికొట్టదు. ఇంకాస్త పొడవు తరంగాల దగ్గర ఇది తారుమారవుతుంది. ఈ రెండింటి తేడాతో కాలిన మచ్చను పట్టుకుంటాం. కానీ మనది ఆకు రాల్చే అడవి. జనవరిలో పచ్చగా ఉన్న కొండ మార్చికల్లా మంట లేకుండానే మోడువారుతుంది, లెక్కలో అదీ కాలినట్టే కనపడుతుంది. శ్రీశైలం జలాశయం తగ్గినప్పుడు బయటపడే తడి బురద, కొండల నీడ కూడా ఇలాగే మోసం చేస్తాయి. మరోపక్క నిజంగా కాలిన చోట పైనుంచి కొత్త ఆకు రాలి బూడిదను కప్పేస్తుంది, ఒక వాన పడితే గడ్డి మొలిచి మచ్చ చెరిగిపోతుంది. అందుకే నేను జనవరి చిత్రంతో పోల్చను, మంటకు వీలైనంత దగ్గర్లో ముందొకటి, వెనకొకటి తీసుకుంటాను, ఎర్ర చుక్కలు పడ్డ చోట మాత్రమే మచ్చను నమ్ముతాను, అనుమానమున్నచోట ఆ అడవి భాగాన్ని చూసుకునే బీట్ ఆఫీసర్‌ని అడుగుతాను.

అపోహ: అలర్ట్‌లు అధికారులకే వస్తాయి.

డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 2004 నుంచి రాష్ట్రాలకు మంటల సమాచారం పంపుతోంది, వాళ్ల పోర్టల్‌లో మామూలు జనం కూడా నమోదు చేసుకోవచ్చు.

అపోహ: ఈ ఏడాది చుక్కలు పెరిగాయంటే మంటలు పెరిగినట్టే.

ఏ ఉపగ్రహం చుక్కలో ముందు అడగండి. వీర్స్‌తో 2011లో ఒకటి, 2017లో ఒకటి, 2022లో ఇంకొకటి పైకి వెళ్లాయి. చూసే కళ్లు పెరిగితే చుక్కలూ పెరుగుతాయి. పోల్చాలంటే ఒకే ఉపగ్రహం, అవే నెలలు తీసుకోవాలి. అలా పోల్చినా కొన్ని మంటలు లెక్కలోకి రావు. పొద్దున పదింటికి పొగ చూసి పరుగెత్తి, పచ్చి కొమ్మలు విరిచి కొట్టి, పదకొండుకల్లా ఆర్పేసిన మంట బీట్ రిజిస్టర్‌లో ఒక్క లైనుగా ఉంటుంది. నా మ్యాప్‌లో ఆ చోట ఏమీ ఉండదు.