ప్రాచీన గ్రీకు సాహిత్యం మూలంలో చదవడం: అపోహలు - వాస్తవాలు

బ్రిటన్‌లో ఒక యూనివర్సిటీలో మొదటి ఏడాది పిల్లలకు ప్రాచీన గ్రీకు చెబుతుంటాను. ఇక్కడి తెలుగువాళ్ల పెళ్లిళ్లలో ఎవరైనా "మీరేం చేస్తారండీ?" అని అడిగి జవాబు వినగానే కాసేపు మాట్లాడరు. తర్వాత మొదలవుతాయి ప్రశ్నలు. ఇంగ్లిష్ తల్లిదండ్రులు అడిగేవి వేరేగా ఉంటాయి గానీ, అపోహలకు ఏ వైపూ లోటు లేదు.

అపోహ: బోర్డింగ్ స్కూల్లో చిన్నప్పటి నుంచీ చదివినవాళ్లకే ఇది.

ఒకప్పుడు అంతే. అప్పట్లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో ఏ సబ్జెక్టు చదవాలన్నా ముందు గ్రీకు గట్టెక్కాల్సిందే. కేంబ్రిడ్జ్ ఆ నిబంధనను 1919లో ఎత్తేసింది, ఆక్స్‌ఫర్డ్ 1920లో. ఇప్పుడు కేంబ్రిడ్జ్‌లో క్లాసిక్స్ (ప్రాచీన గ్రీకు, లాటిన్ సాహిత్యాల డిగ్రీ) చదవడానికి లాటిన్ లేకుండా వచ్చేవాళ్ల కోసం నాలుగేళ్ల కోర్సు ఉంది, స్కూల్లో గ్రీకు చదవనివాళ్లకు ఆక్స్‌ఫర్డ్‌లోనూ దారి ఉంది. నా క్లాసులో ఎక్కువమంది గ్రీకు అక్షరం ముఖం చూడకుండా వచ్చినవాళ్లే. ఏడాది పాటు వ్యాకరణం, వారం వారం పదాల పరీక్ష. రెండో ఏడాదికి లూసియాస్ రాసిన కోర్టు ప్రసంగం చేతికొస్తుంది. భార్య ప్రియుణ్ణి ఇంట్లోనే పట్టుకుని చంపిన భర్త తన తరఫున చెప్పుకునే వాదన అది. వాక్యాలు తేట, కథ వేడి. మొదట చదివించడానికి అంతకంటే మంచి పాఠం నాకు తెలీదు.

అపోహ: లిపి నేర్చుకోవడమే పెద్ద గండం.

24 అక్షరాలు. వారం చాలు. పైగా ఎ, ఏ ఒకటి కావనీ, ఒ, ఓ ఒకటి కావనీ ఇంగ్లిష్ పిల్లలకు పదే పదే చెప్పాలి. గ్రీకు లిపిలో వాటికి వేర్వేరు అక్షరాలున్నాయి. తెలుగు పిల్లలకు అది చెప్పే పనే లేదు.

అపోహ: అంతా బట్టీయే.

కొంత బట్టీ ఉంది, దాచడం ఎందుకు? ఒక్కో క్రియకు ఆరు ముఖ్యరూపాలు నోటికి రావాలి, అవి ఒక్కోసారి మూడు వేర్వేరు ధాతువుల నుంచి వస్తాయి. 'మోయడం' అనే క్రియకు వర్తమానం ఫెరో, భవిష్యత్తు ఒయిసో, భూతకాలం ఏనెంక. మొదటి టర్మ్‌లో ఏడుపు ముఖాలు సహజం.

ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకుని ఆ తర్వాత పుస్తకం మూసేసిన వాళ్లకు ఇక్కడ ఓ చిన్న పరిహారం దొరుకుతుంది. ద్వివచనం గ్రీకులోనూ ఉంది. ఆత్మనేపదానికి దగ్గర చుట్టం లాంటి రూపమూ ఉంది. భూతకాలంలో క్రియ ముందు సంస్కృతం 'అ' చేరుస్తుంది, గ్రీకు 'ఎ' చేరుస్తుంది: అక్కడ అభరత్, ఇక్కడ ఎఫెరె. శబ్దాలు, ధాతువులు నూరిపోసిన మేష్టారి మీద కోపం ఆ రోజున కాస్త తగ్గొచ్చు.

అపోహ: మంచి అనువాదాలు ఉన్నాయిగా, మూలం ఎందుకు?

నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. "మూలంలో ఉండే మాధుర్యం అనువాదంలో రాదు" అనే జవాబు నాకు నచ్చదు. అది అడిగినవాళ్ల నోరు మూయించే మాటే తప్ప వివరణ కాదు. నేను మాధుర్యం జోలికి పోకుండా ఒక్క చరణం చూపిస్తాను.

సోఫోక్లిస్ నాటకం 'అంటిగొని'లో 572వ చరణం. రాజు క్రియోన్ అంటిగొనికి మరణశిక్ష వేశాడు. ఆమెకు నిశ్చయమైన వరుడు హైమోన్, రాజు కొడుకే. చెల్లెలు ఇస్మేని బతిమాలుతోంది. రాజు కరగలేదు. అప్పుడు ఒక గొంతు అంటుంది: "ప్రియమైన హైమోన్, మీ నాన్న నిన్ను ఎంత అవమానిస్తున్నాడు!"

ఎవరిదా గొంతు? రాతప్రతులన్నీ ఇస్మేనిది అంటాయి. 1502లో వెనిస్‌లో అచ్చయిన ప్రతి దాన్ని అంటిగొనికి ఇచ్చింది. తర్వాతి సంపాదకులు చాలామంది ఆ దారే పట్టారు, మరికొందరు రాతప్రతుల వైపే నిలబడ్డారు. తగవు నేటికీ తెగలేదు. ఆ మాట అంటిగొనిది కాకపోతే ఆమె నాటకం మొత్తంలో హైమోన్ పేరు ఒక్కసారి కూడా ఎత్తదు. అన్న శవానికి మట్టి వేయడం కోసం ప్రాణం ఇవ్వబోతున్న పిల్ల, కట్టుకోబోయేవాణ్ణి తలుచుకోనే లేదన్నమాట. ఆ ఒక్క చరణం ఆమెదే అనుకుంటే మనిషే మారిపోతుంది.

రాతప్రతులు చెప్పింది నమ్మేస్తే పోదా? సోఫోక్లిస్‌కు మన దగ్గరున్న ముఖ్యమైన పాత ప్రతి ఫ్లారెన్స్‌లో ఉంది, పదో శతాబ్దంది. నాటకానికీ దానికీ మధ్య సుమారు 1,400 ఏళ్లు. అంతకుముందు పపైరస్ (ఒక మొక్కతో చేసే కాగితం) చుట్టల్లో నాటకం రాసేటప్పుడు మాట్లాడేవారు మారారని చెప్పడానికి పక్కన చిన్న గీత గీసేవారు, లేదా రెండు చుక్కలు పెట్టేవారు. పేరు చాలాసార్లు ఉండేదే కాదు. కాబట్టి ఇస్మేని పేరు కూడా మధ్యలో ఎవరో ఒకరి నిర్ణయం కావచ్చు. తర్వాతి చరణంలో క్రియోన్ "నువ్వూ, నీ పెళ్లీ!" అని విసుక్కుంటాడు. 'నీ పెళ్లి' అంటే అంటిగొనితోనే అంటున్నట్టు ఉంది. కాదు, 'ఇందాకట్నుంచీ నువ్వు పాడుతున్న ఆ పెళ్లి' అని ఇస్మేనిని కసిరినట్టు కూడా గ్రీకులో సరిపోతుంది. క్లాసు రెండు జట్లుగా చీలి గంటసేపు వాదించుకునే చోటు ఇది.

అనువాదకుడికి ఆ గంట ఉండదు. ఎవరో ఒకరి పేరు రాసి ముందుకు పోవాలి. మూలం చదివే విద్యార్థి పేజీ అడుగున సన్న అక్షరాల్లో ఉండే పాఠభేదాల పట్టిక కూడా చదువుతాడు, ఏ ప్రతి ఏమంటోందో, ఎవరు ఏం మార్చారో చూస్తాడు. యూనివర్సిటీలో మేం నేర్పేది ప్రధానంగా ఇదే. (ఆ పట్టిక చాలా ప్రచురణల్లో లాటిన్‌లో ఉంటుంది. "గ్రీకు ఒక్కటే చాలు, లాటిన్ వద్దు" అనుకుని వచ్చినవాళ్లు అక్కడ దొరికిపోతారు.)

అపోహ: ఛందస్సు పాశ్చాత్యులకే అందుతుంది.

నా అనుభవంలో సరిగ్గా తలకిందులు. ఇంగ్లిష్ పద్యం ఊనిక మీద నడుస్తుంది. గ్రీకు పద్యం మనలాగే గురులఘువుల మీద నడుస్తుంది. హోమర్ చరణంలో ఆరు గణాలు. మొదటి నాలుగింట్లో ప్రతిదీ భగణం గానీ రెండు గురువులు గానీ కావచ్చు, ఐదోది దాదాపు ఎప్పుడూ భగణమే, చివరన రెండక్షరాలు. సంయుక్తాక్షరం ముందు అక్షరం గురువు అవుతుందని ఇంగ్లిష్ విద్యార్థికి పలకమీద రాసి చూపించాలి. ఉత్పలమాలకు గణవిభజన చేసి మార్కులు తెచ్చుకున్నవాళ్లకు అక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: గ్రీకులో ఒక పదం చివరి హల్లు, తర్వాతి పదం మొదటి హల్లు కలిసినా ముందు అక్షరం గురువే. యతి మైత్రి, ప్రాస వెతక్కండి, ఉండవు. చరణం మధ్యలో ఓ విరామం మాత్రం ఉంటుంది.

అపోహ: నేటి గ్రీకు వస్తే హోమర్ చదివేయొచ్చు.

లేదు. ఏథెన్స్ నుంచి వచ్చిన విద్యార్థికి పదాలు తెలిసినట్టే ఉంటాయి, వాక్యం చిక్కదు. ఉచ్చారణ కూడా మారింది. ఎలా తెలుసంటారా? క్రాటినోస్ అనే హాస్య నాటకకర్త గొర్రె అరుపును 'బే బే' అని రాశాడు. నేటి ఉచ్చారణలో చదివితే అది 'వీ వీ' అవుతుంది. ఏ గొర్రె అలా అరుస్తుంది? ఫ, థ, ఖలు కూడా అప్పట్లో ఒత్తక్షరాలే. మనకు సులువు, 'ఫలం'లో ఫను పళ్లతో పెదవి కొరికి పలకడం మానుకుంటే.

అపోహ: ఫోన్‌లో పెడితే అర్థం వచ్చేస్తుందిగా.

ప్లేటోకి వస్తుంది, ఎన్నోసార్లు అనువాదమైన రచయిత కాబట్టి. టఫ్ట్స్ యూనివర్సిటీ వారి పెర్సియస్ సైట్‌లో పదం మీద నొక్కితే వ్యాకరణం కూడా చూపిస్తుంది. కానీ ఒకే రూపానికి మూడు జవాబులు వస్తాయి: అతడు విప్పేలా, నువ్వు విడిపించుకుంటావు, నువ్వు విడిపించుకునేలా. పిల్లలు పైనున్నది తీసుకుంటారు. పరీక్షలో అన్‌సీన్ పేరాకు, అంటే ముందెప్పుడూ చూడని పేరాకు, ఏ తెరా ఉండదు, అక్కడ బయటపడుతుంది.

అపోహ: చదవాల్సినవన్నీ ఎప్పుడో చదివేశారు.

ఈజిప్టులో ఆక్సిరింకస్ అనే పాత ఊరి చెత్తదిబ్బల్ని గ్రెన్‌ఫెల్, హంట్ 1896-97 నుంచి తవ్వారు. అక్కడి పపైరస్ ముక్కల ప్రచురణ 80కి పైగా సంపుటాలు దాటినా ఇంకా పూర్తి కాలేదు. ఇటలీలో వెసువియస్ అగ్నిపర్వతం విస్ఫోటంలో బొగ్గైపోయిన హెర్క్యులేనియం పట్టణపు పపైరస్ చుట్టల్ని విప్పకుండానే స్కాన్ చేసి, ఏఐ సాయంతో 2023లో కొన్ని పదాలు, ఆ తర్వాత పేరాలే బయటికి తెచ్చారు. ఆ పదాలు చదవడానికి మాత్రం గ్రీకు వచ్చిన మనుషులే కావలసి వచ్చింది.

గ్రీకంటే హోమరూ, తత్వవేత్తలేనా అంటే అదీ కాదు. మొదటి శతాబ్దపు వర్తకుల చేతిపుస్తకం ఒకటుంది, ఎర్రసముద్రం దాటి మన తూర్పు తీరం దాకా వస్తుంది. అందులోని మసాలియా అనే ప్రాంతాన్ని కృష్ణా తీరంగా, మచిలీపట్నం వైపుగా గుర్తిస్తారు. అక్కడ సన్నని నూలు బట్టలు విస్తారంగా నేస్తారని ఉంది. రెండో ఏడాది విద్యార్థి తడుముకోకుండా చదవగలిగినంత మామూలు గ్రీకు.

అపోహ: ఉద్యోగం రాదు.

కంప్యూటర్లో జాబితాను వరుసలో పెట్టే క్విక్‌సార్ట్ పద్ధతి కనిపెట్టి, 1980లో కంప్యూటర్ సైన్స్‌లో పెద్ద గౌరవమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్న టోనీ హోర్ ఆక్స్‌ఫర్డ్‌లో చదివింది క్లాసిక్స్, తత్వశాస్త్రం. ఈ మాట చెబితే సాఫ్ట్‌వేర్ అన్నయ్యలు కాసేపు ఆగుతారు. అయినా ఒక్క మనిషిని చూపించి భరోసా ఇవ్వడం నాకిష్టం ఉండదు. లాయర్లుగా, సివిల్ సర్వీసులో, అకౌంటింగ్‌లో స్థిరపడ్డ నా పాత విద్యార్థులు ఉన్నారు. గ్రీకు చెప్పే ఉద్యోగాలు మాత్రం చాలా కొద్ది.

భారతదేశం నుంచి వచ్చేవారికి ఇంటర్నేషనల్ ఫీజు, అది ఇక్కడివాళ్లు కట్టేదానికంటే చాలా ఎక్కువ. పొలం తాకట్టు పెట్టి గ్రీకు డిగ్రీకి రమ్మని నేనెవరికీ చెప్పను. ఇప్పటికే ఇక్కడ ఇంజనీరింగో, ఎకనామిక్సో చదువుతున్నవాళ్లు మీ యూనివర్సిటీలో బిగినర్స్ గ్రీకు ఐచ్ఛిక మాడ్యూల్‌గా ఉందేమో చూడండి. చాలాచోట్ల ఉంటుంది, అదనపు ఫీజు ఏమైనా ఉందో ముందే కనుక్కోండి. మొదటి రెండు వారాలు కూర్చుని, నచ్చకపోతే గడువులోగా మార్చుకోవచ్చు.