నట్టలకు ఆకు పసరు: అపోహలు - వాస్తవాలు

గొర్రెల పొట్టలో పెరిగే పురుగులకు, అంటే నట్టలకు, మందు ఎప్పుడు వేశారని అడిగితే "మొన్ననే వేపాకు పసరు తాగించామండీ, పేడలో పురుగులు కూడా పడ్డాయి" అనే జవాబు పదే పదే వస్తుంది. అప్పటికే ఆ గొర్రెకు రక్తం తగ్గి, కనురెప్ప లోపలి పొర తెల్లగా పాలిపోయి ఉంటుంది.

అపోహ: పురుగులు పడ్డాయంటే పసరు పనిచేసినట్టే.

వాస్తవం: జీవాలను ఎక్కువగా చంపుతున్న నమ్మకం ఇదే. పెంటికల మీద మెతుకుల్లా కనబడేవి బద్దె పురుగు తునకలు. మందు వేసినా వేయకున్నా అవి రాలతాయి, పెద్ద జీవాలకు వాటితో నష్టం తక్కువ. ప్రాణం తీసేది హీమాంకస్. రెండు మూడు సెంటీమీటర్ల ఈ సన్నటి నట్ట నాలుగో పొట్టలో ఉండి రక్తం తాగుతుంది. దాని గుడ్లు మైక్రోస్కోపు కిందే కనిపిస్తాయి. ఒక్కో నట్ట రోజుకు సుమారు 0.05 మి.లీ. రక్తం లాగుతుంది, రెండు వేలుంటే 100 మి.లీ. పాతిక కిలోల గొర్రె ఒంట్లో ఉండే రక్తమే దాదాపు లీటరున్నర. పసరు పోసి పది రోజులు చూద్దామంటే ఏం మిగులుతుంది?

దీనికి తోడు ఈ నట్టతో సాధారణంగా పారుడు ఉండదు, పెంటికలు గట్టిగానే పడతాయి. రక్తం తగ్గిన జీవానికి దవడ కింద దిగే నీరు పగలంతా తల దించి మేయడం వల్ల సాయంత్రానికి పెరిగి, తెల్లారేసరికి తగ్గుతుంది. రాత్రి పసరు పోసినవాళ్లు పొద్దున్నే చూసి గుణం కనిపించిందనుకుంటారు. తగ్గింది వాపే, నట్టలు కావు. రెప్ప పాలిపోయినా, దవడ కింద నీరు దిగినా అదే రోజు పేడ నమూనా తీసి డాక్టరుకు చూపించి, బరువును బట్టి మందు వేయించండి. కార్జపు జలగలున్నా ఇదే వాపు వస్తుంది, వాటి మందు వేరు. కోలుకునేదాకా జీవాన్ని దూరం నడిపించొద్దు. కంగారు పడి మందు రెండింతలు మాత్రం పోయకండి.

అపోహ: మొక్కల్లో అసలు పసే లేదు.

వాస్తవం: ఉంది. సుబాబుల్, తుమ్మ జాతుల ఆకుల్లోని టానిన్లు (వగరు పదార్థాలు) వారాల తరబడి మేతగా అందితే పేడలో నట్టల గుడ్ల సంఖ్యను తగ్గించగలవు. ఇది ఒత్తిడి తగ్గించే మేత, ప్రాణం నిలిపే మందు కాదు. సుబాబుల్ మేతలో మూడో వంతు మించితే అందులోని మైమోసిన్ అనే విష పదార్థం వల్ల వెంట్రుకలు రాలతాయి, థైరాయిడ్ దెబ్బతింటుంది. వేపాకు విషయంలో, గాజు పాత్రలో నట్టలను చంపిన రసం లీటర్ల కొద్దీ ద్రవం, సూక్ష్మజీవులు ఉన్న పెద్ద పొట్టలో అదే పని చేస్తుందన్న భరోసా లేదు.

మీ మొక్క పనిచేస్తోందో లేదో తేల్చుకోవాలంటే ఆరోగ్యంగా ఉన్న పది జీవాలకు ఇచ్చి, మరో పదింటికి ఆపండి. ఇచ్చేముందు, మళ్లీ 10-14 రోజులకు గ్రాము పేడలో గుడ్లు లెక్కపెట్టించండి. ఇవ్వనివాటిలోనూ అంతే తగ్గితే ఆ ఘనత మొక్కది కాదు.

అపోహ: ఆకు మందుకు మోతాదు అక్కర్లేదు.

వాస్తవం: నట్టలకని తాగించే పొగాకు కషాయంలో నికోటిన్ ఎంత దిగిందో ఎవరూ చెప్పలేరు. ఎక్కువైతే వణుకు, చొంగ, ఆపై ఊపిరి ఆగడం. వాడొద్దు.

అపోహ: పాలు తాగే దూడకు నట్టలుండవు.

వాస్తవం: గేదె దూడకు ఏలిక పాములు తల్లి పాల నుంచే వస్తాయి. 10-16 రోజుల వయసులోనే మందు పడాలి.

ఏది తాగించినా మూతిని కంటి ఎత్తు దాటి పైకి లేపకండి, నాలుక లాగి పట్టుకోకండి. చిక్కటి పసరు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. దగ్గితే వెంటనే ఆపి తల వదిలేయండి.